కింద పడ్డ బంతి పైకి ఎందుకు లేస్తుంది? మూడో సూత్రం ఒక్కటే చెప్తే సరిపోదు

మీరు అడిగింది ఇది: "మా పాప తొమ్మిదో క్లాసు. బంతి నేలకి తగిలి పైకి ఎందుకు లేస్తుంది అంటే చర్యకి ప్రతిచర్య, న్యూటన్ మూడో సూత్రం అని చెప్పాను. మరి తడి మట్టి ముద్ద వేస్తే దానికి ప్రతిచర్య ఉండదా, అదెందుకు లేవదు అంది. నా దగ్గర సమాధానం లేదు. పైగా ఎగిరిన ప్రతిసారీ ఎత్తు తగ్గుతుంది కదా, ఆ తగ్గిన శక్తి ఎటు పోతుంది?"

ముందు పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. సరిగ్గా అడగాల్సిన చోట అడిగింది. నేను రబ్బరు టెస్టింగ్ ల్యాబ్‌లో ఇరవై ఏళ్ల పైనుంచి పని చేస్తున్నాను, రబ్బరు ముక్కని బిగించి దాని మీదకి చిన్న లోలకం వదిలి, అది కొట్టుకుని ఎంత వెనక్కి వచ్చిందో శాతంలో రాసుకోవడం మా రోజువారీ పనుల్లో ఒకటి, అంటే బంతి ఎగరడాన్నే పడుకోబెట్టి కొలుస్తున్నట్టు. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మట్టి ముద్దకి కూడా ప్రతిచర్య ఉంటుంది. ముద్ద నేలని ఎంత బలంగా నొక్కిందో నేల కూడా ముద్దని ప్రతి క్షణం అంతే బలంగా పైకి నెట్టింది, ఆ నెట్టడం వల్లే ముద్ద ఆగింది, లేకపోతే ఆగేదే కాదు. బంతికీ అంతే. మూడో సూత్రం చెప్పేది ఆ రెండు బలాలూ సమానం, ఎదురెదురు అని మాత్రమే. ఆ బలం ఎంత ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు తగ్గుతుంది అనేది ఆ సూత్రంలో లేదు, అది వస్తువు దేనితో తయారైంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ముద్ద విషయంలో ఏమవుతుందంటే అది ఆగగానే నెట్టడం కూడా దాని బరువు మోయడానికి సరిపడేంతకి పడిపోతుంది, ఇక పైకి లేపడానికి మిగులు బలం లేదు. బంతి విషయంలో అది పూర్తిగా ఆగిన ఆ క్షణంలోనే నెట్టడం అత్యధికంగా ఉంటుంది. ఆగిపోయిన వస్తువు మీద దాని బరువు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ బలం పైకి పనిచేస్తుంటే అది లేవకుండా ఎలా ఉంటుంది? తేడా అంతా అక్కడే ఉంది.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా పడుతుంది మనసుకి. టెన్నిస్ బంతి తీసుకోండి, సుమారు 58 గ్రాములు. ఒక మీటరు ఎత్తు నుంచి ఊరికే వదిలేస్తే 0.45 సెకన్లలో నేలకి చేరుతుంది, అప్పటికి దాని వేగం సెకనుకి 4.4 మీటర్లు. నేలని తాకిన దగ్గర్నుంచి వదిలేదాకా పట్టే సమయం సుమారు 5 మిల్లీసెకన్లు, అంటే సెకనులో రెండు వందలవ వంతు, కంటికి అసలు కనపడదు. ఆ కాస్త సమయంలో మొదటి సగం నొక్కుకుంటూ పోతుంది, అడుగుభాగం చదునైపోయి బంతి ఓ ఆరేడు మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది, ఓ క్షణం కదలకుండా ఆగుతుంది, తర్వాత సగంలో మళ్ళీ గుండ్రంగా అవుతూ సెకనుకి 3.3 మీటర్ల వేగంతో నేలని వదిలేస్తుంది. కిందకి 4.4, పైకి 3.3, మొత్తం వేగంలో వచ్చిన మార్పు 7.7. ఇది 5 మిల్లీసెకన్లలో జరగాలంటే సగటున 89 న్యూటన్ల బలం కావాలి. బంతి బరువు ఎంత, 0.57 న్యూటన్లు. అంటే నేలకి ఆనుకున్న ఆ కాస్త సేపూ బంతి మీద దాని బరువుకి 150 రెట్ల పైన బలం పనిచేస్తోంది, అదీ సగటు లెక్క, మధ్యలో బాగా నొక్కుకున్నప్పుడు ఇంకా ఎక్కువే.

పాపకి ఇది చూపించడానికి హైస్పీడ్ కెమెరా అక్కర్లేదు. నున్నటి రబ్బరు బంతి తీసుకుని దానికి చాక్‌పీస్ పొడి బాగా రాసి, నల్లటి అట్ట గట్టి నేల మీద పరిచి దాని మీద వదలండి. ముందు జానెడు ఎత్తు నుంచి, తర్వాత భుజం ఎత్తు నుంచి. మొదటి దానికి చిన్న చుక్క పడుతుంది, రెండోదానికి అంతకన్నా పెద్ద గుండ్రటి మచ్చ. గుండ్రటి వస్తువు నేలని తాకాల్సింది ఒక్క బిందువు దగ్గర కదా, మరి ఇంత పెద్ద మచ్చ ఎలా పడింది అని పాపనే అడగండి, బంతి చదునైందని తనే చెప్తుంది. నా దృష్టిలో ఈ మచ్చ చూశాక ఇక సూత్రం చెప్పినా చెప్పకపోయినా విషయం సగం అర్థమైపోయినట్టే.

ఇప్పుడు చాలామంది, టీచర్లు కూడా, కలగలిపేసే ఇంకో విషయం. బంతిని పైకి నెట్టింది నేలే, కానీ పైకి లేవడానికి కావాల్సిన శక్తి ఇచ్చింది నేల కాదు. గట్టి నేల దాదాపు కదలనే లేదు, కదలని చోట బలం ఎంత ఉన్నా పని జరగదు, పని జరక్కపోతే శక్తి ఇచ్చినట్టు కాదు. మనం నిలబడి ఎగిరినప్పుడు చూడండి, పైకి నెట్టేది నేలే, కానీ శక్తి వచ్చేది మన కాళ్ల కండరాల నుంచి. బంతికి కండరాలు లేవు, అందుకని పడేటప్పుడు వచ్చిన గతిజ శక్తినే తన రబ్బరులో, లోపలి గాలిలో స్థితిజ శక్తిగా దాచుకుని, మళ్ళీ అదే వాడుకుని లేస్తుంది. తన శక్తి తను దాచుకుని తనే వాడుకుంటుంది అన్నమాట. మట్టి ముద్ద దాచుకోలేదు, దాని రేణువులు ఒకదాని మీద ఒకటి జారి కొత్త చోట కుదురుకుంటాయి, ఆ జారుడు రాపిడిలో శక్తి అంతా వేడైపోతుంది, పాత ఆకారానికి రమ్మని వాటిని లాగేది ఏదీ లేదు.

మరి పాత ఆకారానికి లాగేది ఏంటి అంటే అది పదార్థాన్ని బట్టి వేరు. ఉక్కు గుండులో పరమాణువుల మధ్య బంధాలే స్ప్రింగుల్లా పనిచేస్తాయి, కాస్త నొక్కితే కాస్త దగ్గరవుతాయి, వదిలేస్తే యథాస్థానం. చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ గట్టిపరిచిన ఉక్కు గుండుని మందపాటి ఉక్కు దిమ్మె మీద వదిలితే మామూలు రబ్బరు బంతి కన్నా ఎక్కువ ఎత్తుకి లేస్తుంది. ఎగరాలంటే మెత్తగా ఉండాలి అనేది మన అపోహ. మెత్తదనం వేరు, నొక్కినప్పుడు తీసుకున్న శక్తిని తిరిగివ్వడం వేరు, ఫిజిక్స్‌లో స్థితిస్థాపకత అంటే ఈ తిరిగివ్వడమే.

రబ్బరు కథ ఇంకా అందమైనది, నేను ఇన్నేళ్లుగా దీంతోనే ఉన్నా ఇప్పటికీ తలుచుకుంటే ముచ్చటేస్తుంది. రబ్బరులో పొడవాటి గొలుసుల్లాంటి అణువులు చిక్కుపడిన దారం ఉండల్లా ఉంటాయి, వేడి వల్ల ఎప్పుడూ అటూ ఇటూ మెలికలు తిరుగుతూనే ఉంటాయి. సాగదీసినా నొక్కినా ఆ గొలుసులు ఒక వరసలోకి వస్తాయి. వదిలేయగానే వాటి మెలికలు తిరిగే స్వభావమే మళ్ళీ చిక్కుల్లోకి లాగుతుంది, ఎందుకంటే చిక్కుగా ఉండడానికి లెక్కలేనన్ని మార్గాలున్నాయి, తిన్నగా ఉండడానికి చాలా కొద్ది మార్గాలే ఉన్నాయి. అంటే రబ్బరుని వెనక్కి లాగేది ముఖ్యంగా బంధాల్లో దాగిన శక్తి కాదు, గొలుసుల వేడి కదలిక. దీనికి రుజువు మీ పెదవి మీదే చూసుకోవచ్చు. వెడల్పాటి రబ్బరు బ్యాండు తీసుకుని గబుక్కున సాగదీసి వెంటనే పై పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. అలాగే సాగదీసి పట్టుకుని కాసేపు ఆగి, ఒక్కసారిగా వదులు చేసి మళ్ళీ ఆనించండి, చల్లగా ఉంటుంది. 1800ల మొదట్లో జాన్ గఫ్ అనే ఆయన, చూపు లేని మనిషి, ఇలా పెదవికి ఆనించుకునే ఇది గమనించాడు, తర్వాత 1850ల్లో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ జూల్ దీన్ని జాగ్రత్తగా కొలిచాడు.

అయితే ఆ గొలుసులు ఒకదాని మీద ఒకటి జారిపోకుండా అక్కడక్కడా ముడివేసి ఉండాలి, లేకపోతే రబ్బరు కూడా మట్టి ముద్దే. పచ్చి రబ్బరు వేడికి జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే ఈ ముడులు పడతాయని కనిపెట్టాడు, దాన్నే వల్కనైజేషన్ అంటాం, మా ల్యాబ్ భాషలో క్యూరింగ్. అంతకి మూడు వేల ఏళ్ల ముందే మధ్య అమెరికా జనం రబ్బరు పాలలో ఒక తీగ మొక్క రసం కలిపి ఎగిరే బంతులు చేసుకున్నారు, క్రీ.పూ. 1600 నాటి బంతులు మెక్సికోలో ఎల్ మనాటీ అనే చోట బురదలో దొరికాయి. నాకు తెలిసి మనిషి కావాలని ఎగిరే పదార్థాన్ని తయారుచేసిన దాఖలాల్లో ఇంత పాతది ఇంకోటి లేదు.

ఇక రెండో ప్రశ్న, శక్తి ఎటు పోతుంది. గొలుసులు మళ్ళీ పాత ఆకారానికి వచ్చేటప్పుడు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కొన్ని వెనకబడతాయి. అందుకని నొక్కేటప్పుడు పెట్టిన బలం కన్నా తిరిగొచ్చేటప్పుడు వచ్చే బలం ప్రతి దశలోనూ కాస్త తక్కువ. ఈ తేడాని హిస్టెరిసిస్ అంటారు, గ్రాఫు గీస్తే వెళ్ళిన గీత, వచ్చిన గీత ఒకటి కావు, మధ్యలో సన్నటి ఆకులాంటి ఖాళీ వస్తుంది, ఆ ఖాళీ ఎంతుందో అంత శక్తి వేడిగా మారినట్టు. ఇదే ప్రధానం. కొంత నేల కదలికలోకి, కొంత బంతి గోడ కంపనాల్లోకి పోతుంది. శబ్దంలోకి పోయేది చాలా తక్కువండి, "టక్" అని గట్టిగా వినపడుతుంది కాబట్టి చాలామంది శక్తంతా శబ్దంగా పోయింది అని రాసేస్తారు, అది తప్పు.

వేడవుతుంటే మరి బంతి ముట్టుకుంటే తెలియాలి కదా అని పాప అడుగుతుంది, అడగాలి కూడా. మీటరు ఎత్తు నుంచి పడి 55 సెంటీమీటర్లు లేచిన బంతిలో కిలోకి నాలుగున్నర జౌళ్ల శక్తి పోయింది. రబ్బరుని కిలోకి ఒక డిగ్రీ వేడి చేయడానికి రెండు వేల జౌళ్ల దాకా కావాలి. అంటే ఒక్కసారి పడితే పెరిగే వేడి డిగ్రీలో నాలుగొందలవ వంతు కూడా ఉండదు. అదే స్క్వాష్ ఆడేవాళ్లని అడగండి, బంతిని గోడకేసి చాలాసేపు గట్టిగా బాదాక గానీ ఆట మొదలుపెట్టరు, చల్లటి స్క్వాష్ బంతి దాదాపు చచ్చిపడినట్టే ఉంటుంది, బాదగా బాదగా పోయిన శక్తే దాన్ని వేడెక్కిస్తుంది, వేడెక్కాక సరిగ్గా ఎగురుతుంది.

ఎంత శాతం తిరిగొస్తుంది అనేదానికి ఒక అంకె ఉంది, కోఎఫిషియెంట్ ఆఫ్ రెస్టిట్యూషన్, పుస్తకాల్లో ప్రత్యావస్థాన గుణకం అని చూసుంటారు. పైకి లేచే వేగాన్ని పడిన వేగంతో భాగిస్తే వస్తుంది. న్యూటనే 1687 నాటి తన ప్రిన్సిపియా అనే పుస్తకంలో ఈ కొలతలు రాశాడు, బంతుల్ని దారాలకి వేలాడదీసి ఒకదానితో ఒకటి ఢీకొట్టించి చూశాడు: గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలకి 9కి 5, గాజుకి 16కి 15 వచ్చింది. అంటే మూడో సూత్రం రాసిన మనిషికే తెలుసు, ఎంత వెనక్కి వస్తుంది అనేది ఆ సూత్రం నుంచి రాదని, పదార్థాన్ని పట్టి కొలుచుకోవాల్సిందేనని. ఎత్తులో చూడాలంటే ఈ అంకెని దాంతోనే గుణించాలి, టెన్నిస్ బంతికి 0.74 అనుకుంటే ఎత్తు 55 శాతం. ఆ ఆట నియమాల్లోనే ఉంది, 254 సెంటీమీటర్ల నుంచి వదిలితే మామూలు బంతి 135 నుంచి 147 మధ్య లేవాలి. టేబుల్ టెన్నిస్ బంతి ఇంకా చురుకు, 30.5 సెంటీమీటర్ల నుంచి ఉక్కు దిమ్మె మీద వదిలితే 24 నుంచి 26 దాకా రావాలి.

మా ల్యాబ్‌కి కొత్తగా చేరినవాళ్లకి నేను మొదటిరోజు చూపించేది ఒకటుంది. రెండు నల్ల రబ్బరు బంతులు, ఒకే సైజు, చేత్తో నొక్కితే గట్టిదనం కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకటి పాలీబ్యూటడైన్, ఇంకోటి బ్యూటైల్, రెండూ కృత్రిమ రబ్బరు రకాలే. రెండూ కలిపి వదిలితే మొదటిది ఛాతీ దాకా లేచి ఎటో పోతుంది, రెండోది ధబ్ మని పడి అక్కడే ఉంటుంది. మట్టి ముద్దలా చప్పిడి అయిందా అంటే కాలేదు, చక్కగా గుండ్రంగానే ఉంది. అంటే ఆకారం తిరిగి వచ్చింది, కానీ నిదానంగా వచ్చింది. బ్యూటైల్ గొలుసుల పక్కన చిన్న కొమ్మలు గుబురుగా ఉంటాయి, గది వేడిలో అవి ఒకదానికొకటి అడ్డుపడి గబుక్కున కదలలేవు. ఎగరాలంటే ఆకారం తిరిగి రావడం ఒక్కటే చాలదు, నేలని వదిలే ఆ కొద్ది మిల్లీసెకన్ల లోపే రావాలి. అదే బ్యూటైల్ బంతిని 70 డిగ్రీల ఓవెన్‌లో ఓ గంట ఉంచి తీసి వదిలితే ముందుకన్నా స్పష్టంగా ఎక్కువ ఎగురుతుంది, వేడికి గొలుసులు చురుకయ్యాయి కాబట్టి. దీన్నే తిరగేస్తే, చలికి ఏ రబ్బరు బంతి అయినా మందగిస్తుంది.

ఈ మందగింపు ఎంత పెద్ద విషయమో చెప్పాలంటే 1986 జనవరి 28 గుర్తుచేసుకోవాలి, ఛాలెంజర్ స్పేస్ షటిల్ కూలిపోయిన రోజు. రాకెట్ కీళ్లలో సందు మూయడానికి పెట్టిన ఓ-రింగ్ అనే రబ్బరు వలయం చలికి వెంటనే తన ఆకారానికి రాలేకపోయింది, ఆ సందులోంచి మంట బయటికి వచ్చింది. విచారణలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కని క్లాంపులో బిగించి ఐసు నీళ్ల గ్లాసులో ముంచి తీసి, క్లాంపు వదులు చేసినా అది వెంటనే తిరిగి రావట్లేదని అందరి ముందూ చూపించాడు. ఏడుగురి ప్రాణాలు పోయిన ఘటన అది. రబ్బరు ఎంత వేగంగా తిరిగొస్తుంది అని మేము రోజూ కొలిచే అంకె చిన్నదేం కాదని నేను పిల్లలకి చెప్పేది అందుకే.

గాలి నింపిన బంతుల గురించి ఒక మాట. బాస్కెట్‌బాల్ లాంటి వాటిలో గాలే మంచి స్ప్రింగు, నొక్కితే తీసుకున్నది దాదాపు అంతా తిరిగిస్తుంది. గాలి తగ్గితే నొక్కుడు భారమంతా గోడ మీద పడి గోడ బాగా వంగుతుంది, నష్టం జరిగేది ఆ గోడ వంగడంలోనే. అందుకే గాలి తక్కువున్న బంతి మెత్తగా ఉన్నా ఎగరదు. నేల కూడా ఆటలో భాగమే, ఇసుక మీద ఎంత మంచి బంతైనా అక్కడే కూర్చుంటుంది, ఎందుకంటే అక్కడ బంతి బదులు ఇసుక నొక్కుకుపోయింది, ఇసుకకి తిరిగివ్వడం రాదు. రెండిట్లో ఏది ఎక్కువ నొక్కుకుంటుందో దాని గుణమే ముఖ్యం.

చివరిగా ఇంట్లో చేసే కొలత ఒకటి, ఫోను చాలు. వాయిస్ రికార్డర్ ఆన్ చేసి నేల మీద పెట్టి, పక్కన టెన్నిస్ బంతిని మీటరు ఎత్తు నుంచి వదలండి, చేత్తో నెట్టకుండా ఊరికే వేళ్లు విడవాలి. రికార్డింగ్‌ని అలలుగా చూపించే ఏదైనా ఆడియో యాప్‌లో తెరిస్తే ప్రతి "టక్" ఒక నిటారు గీతలా కనపడుతుంది. గీతల మధ్య సమయాలు రాయండి, దాదాపు 0.67, 0.50, 0.37, 0.27 సెకన్లు ఇలా వస్తాయి. ఏ సమయాన్నైనా దాని ముందుదానితో భాగించమనండి, ప్రతిసారీ 0.74 దగ్గరే వస్తుంది, అదే పైన చెప్పిన ప్రత్యావస్థాన గుణకం. సమయాన్ని దాంతోనే గుణించి 1.22తో గుణిస్తే ఆ గెంతు ఎత్తు మీటర్లలో వచ్చేస్తుంది, మొదటి దానికి 0.55, స్కేలు పెట్టి చూడాల్సిన పని కూడా లేదు.

సమయాలు ఇలా ప్రతిసారీ ఒకే వంతున తగ్గుతూ పోతే టక్కులు ఎప్పటికీ ఆగవు కదా అని పాప అడిగితే, కూడి చూడమనండి, మొదట కింద పడడానికి పట్టిన 0.45 సెకన్లు కూడా కలిపి ఎన్ని కూడినా మొత్తం మూడు సెకన్ల దగ్గర ఆగుతుంది. నిజంగా బంతి కూడా వదిలిన మూడు సెకన్లకి అటూ ఇటూగా నిలిచిపోతుంది. చివర్లో ఆ టక్కులు కలిసిపోయి టర్ర్ మన్నట్టు వినిపించేది ఇందుకే. ఆ తర్వాత బంతి నేలని వదలదు, తన బరువుకి తను కుదించుకునేంత కొద్దిపాటి నొక్కుడులోనే కాసేపు అదిరి ఊరుకుంటుంది.